పెద్దసారు బంగ్లాలో సముద్రం

ముప్పై మూడేళ్లు భూమి కింద నీళ్లు తోడిన మనిషిని నేను. పంపు ఫిట్టర్‌ని. గోదావరిఖనిలో మేం బొగ్గు తవ్వామని అందరూ అంటారు గానీ, బొగ్గు కన్నా ముందు నీళ్లు పైకి రావాలని, కొత్తగా డ్యూటీలో చేరిన మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. పంపులు ఆగి సెక్షన్ మునిగిన కథలు, మెడ లోతు నీళ్లలో వాల్వు తిప్పిన కథలు నా దగ్గర చాలా ఉన్నాయి. రిటైరైన వాళ్లం టీ కొట్టు దగ్గర కూర్చుంటే అవే చెప్పుకుంటాం. చెప్పినప్పుడల్లా నీళ్లు ఒక అడుగు పెరుగుతాయి, మా ధైర్యం రెండడుగులు పెరుగుతుంది.

ఈ కథ మాత్రం అక్కడ ఎప్పుడూ చెప్పలేదు. ఇందులో నీళ్లు ఒక బంగ్లా హాలు దాటలేదు. నా ధైర్యం చూద్దామన్నా కనపడదు.

తెలంగాణ రావడానికి నాలుగైదేళ్ల ముందు సంగతి. మా గనుల మీదికి ఒక పెద్ద అధికారి బదిలీ మీద వచ్చారు. ఆయన్ని అందరం పెద్దసారు అనేవాళ్లం. ఆయన భార్య విశాఖలో సముద్రం ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి. రామగుండం ఎండ ఎట్లా ఉంటుందో మీకు చెప్పేదేముంది, పొద్దున తొమ్మిదికే గోడలు కాలుతుంటాయి. ఆ ఎండకు, కిటికీల మీద వాలే బూడిదకు ఆమె రెండు ఎండాకాలాలు ఓర్చుకుంది. మూడో ఎండాకాలం వచ్చేసరికి ఇక ఇక్కడ ఉండలేనందట. బదిలీ పెద్దసారు చేతిలో లేదు. అందుకని సముద్రాన్నే ఇంటికి తెస్తానని ఆమెకు మాట ఇచ్చారు.

ఆ మాట తిరిగి తిరిగి మా ఫోర్‌మన్ దగ్గరికి, ఆయన దగ్గరి నుంచి నా దగ్గరికి వచ్చింది. బంగ్లాలో పెద్ద గాజు తొట్టి పెడుతున్నారని, అందులో ఉప్పునీళ్లు రాత్రీ పగలూ తిరుగుతూనే ఉండాలని, నీళ్లు తిప్పడంలో నన్ను మించినవాడు లేడని ఫోర్‌మన్ చెప్పాడు. పొగడ్తకు పడిపోయే గుణం నాది. షిఫ్టు అయిపోగానే స్నానం చేసి బంగ్లాకు వెళ్లడం మొదలుపెట్టాను. తోటివాళ్లు ఊరుకుంటారా? భూమి కింద నీళ్లు సరిపోలేదా, బంగ్లాలో కూడా తోడబోతున్నవా అని ఒకటే ఆటపట్టించడం.

చెన్నై నుంచి ఉప్పు సంచులు వచ్చాయి. మన నల్లా నీళ్లు పనికిరావంటే మినరల్ వాటర్ క్యాన్లు ఆటోలో తెప్పించి, ఉప్పు కలిపి, తొట్టి నింపాం. కింద ఇంకో చిన్న తొట్టి. పై తొట్టిలో నీళ్లు పొర్లి కిందికి దిగుతాయి, కింది నుంచి పంపు మళ్లీ పైకి ఎత్తుతుంది. తర్వాత సముద్రంలో నానిన రాళ్లు వచ్చాయి. వాటిని పేర్చాక చెన్నై షాపతను ఫోన్‌లో చెప్పిందేమిటంటే, ఆరు వారాలు ఇక ఏమీ వేయకూడదట. రాళ్లల్లోని కంటికి కనపడని జీవం, చేపలు బతికేలా నీళ్లను పండించాలట.

ఆరు వారాలు ఉట్టి రాళ్ల చుట్టూ నీళ్లు తిరిగాయి. అమ్మగారు హాల్లో ఆ చివర నుంచి ఈ చివరకు నడిచేది, ఆగి తొట్టిలోకి చూసేది, మళ్లీ నడిచేది. పెద్దసారు ఆఫీసు నుంచి ఫోన్ చేసి ఏమన్నా కదిలిందా అని అడిగేవారు. గనిలో అందరూ నన్ను రాళ్లకు నీళ్లు పోసేవాడు అనడం మొదలుపెట్టారు. నాకూ కాలు నిలిచేది కాదు. పంపు పెట్టిన రోజే నీళ్లు కదలడం చూసినవాణ్ణి, ఎదురుచూడటం మా పనిలో లేదు.

ఆ రోజుల్లో నాకు తోడు దొరికింది బంగ్లా తోటలో పనిచేసే ముసలాయన, అందరం కాక అనేవాళ్లం. కాగితం మీద ఆయన గని మనిషే. ఇరవై ఏళ్లు తట్టతో బొగ్గు ఎత్తినవాడు. ఛాతీలో దుమ్ము చేరి, నాలుగడుగులు ఎక్కితే ఊపిరి అందేది కాదు. కానీ మెడికల్ బోర్డు మాత్రం డ్యూటీకి పనికొస్తాడనే రాసింది. అంతకు ముందున్న అధికారి జాలిపడి ఆయన్ని బంగ్లా తోటకు వేశాడు. హాజరు గనిలో పడేది, మనిషి మాత్రం గులాబీల మధ్య ఉండేవాడు. మన దగ్గర ఇట్లాంటి ఏర్పాట్లు ఎన్ని ఉంటాయో మీకూ తెలుసు. నోటిమాట మీద నడుస్తాయి, నోటిమాట మీదే పోతాయి.

ఆరు వారాలు గడిచాయి. చేపలు వచ్చాయి, వాటి వెనుక రొయ్యలు, రాళ్లకు అంటుకుని పువ్వుల్లాగా విచ్చుకునే జీవులు వచ్చాయి. అమ్మగారు ఆ రోజు ఏడ్చింది. కాకకు మాత్రం ఎర్రటి వీపు మీద తెల్ల చార ఉన్న రొయ్య ఒకటి నచ్చింది. రాయి కింద కూర్చుని మీసాలు ఊపుతుంది. చేపలు దాని ముందు వరుసగా నిలబడి ఒళ్లు శుభ్రం చేయించుకుంటాయి.

"కటింగ్ షాపు పెట్టింది సూడు బిడ్డా, ఒక్కొక్కటి లైన్ల నిలవడ్డయ్" అన్నాడు. అప్పటి నుంచి పొద్దున బూట్లు బయట విడిచి, కిటికీ దగ్గర నిలబడి ఆ రొయ్యను చూసిన తర్వాతే నీళ్ల పైపు పట్టుకునేవాడు.

ఇక నా ఘనకార్యం. ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది, జనరేటర్ వెంటనే అందుకోలేదు. పంపు ఆగింది. పైపులో ఉన్న నీళ్లు వెనక్కి మళ్లి కింది తొట్టి పొర్లి, హాలంతా ఉప్పునీళ్లయ్యాయి. మా గనిలో ఏ పంపు మీదనైనా నీళ్లను పైకి పోనిచ్చి కిందికి రానివ్వని వాల్వు ఒకటి ఉంటుంది. అది సరిగా లేకపోతే ఫిట్టర్ తల దించుకోవాల్సిందే. ఇక్కడ సెట్టుతో పాటు వచ్చిన ప్లాస్టిక్ వాల్వు కారింది. ప్లాస్టిక్ అంటే మాకు ముందు నుంచీ చిన్నచూపు. వర్క్‌షాపులో తీసి పడేసిన ఒక అంగుళం గన్‌మెటల్ వాల్వు అడిగి తీసుకున్నాను. గన్‌మెటల్ అంటే రాగిలో తగరం కలిపి పోసిన లోహం. మా గని నీళ్లు పుల్లటివి, ఇనుమును ఏడాదికి తినేస్తాయి, గన్‌మెటల్ మాత్రం నిలబడుతుంది. ఉప్పునీళ్లకూ అదే మందు అనుకున్నాను. రెండు సాయంత్రాలు గాజు మీద పొడి వేసి దాని మూతను నూరాను. బిగించాక చుక్క కారలేదు. పెద్దసారు మెయిన్ ఆపించి చూసి నా భుజం తట్టారు.

వారం దాటాక రొయ్యలు ఒక్కటొక్కటే పక్కకు పడిపోయాయి. పువ్వులు ముడుచుకుని మళ్లీ విచ్చుకోలేదు. నాలుగు రోజుల్లో వాటిలో ఒక్కటీ మిగల్లేదు. చేపలు మాత్రం ఏమీ ఎరగనట్టు తిరుగుతూనే ఉన్నాయి.

సరిగ్గా ఆ వారమే కాక గులాబీలకు పురుగుమందు కొట్టాడు. తొట్టి కిటికీ పక్కనే ఉంది. ఆ రోజు మందు వాసన వచ్చిందని అమ్మగారికి గుర్తొచ్చింది. పెద్దసారు కాకను పిలిచి అడిగారు. తిట్టలేదు, గొంతు కూడా పెంచలేదు. నేను అక్కడే తొట్టి పక్కన నిలబడి ఉన్నాను.

"కిటికి మూసినంకనే కొట్టిన సార్" అన్నాడు కాక.

పెద్దసారు రేపటి నుంచి తోటకు రానక్కర్లేదని చెప్పారు. అంతే. తోట డ్యూటీ పోతే హాజరు పడే చోటే పని చెయ్యాలి. హాజరు పడేది మా ఇంక్లైనులో. ఇంక్లైనంటే వాలుగా భూమిలోకి దిగే గని. పొద్దున నడిచి దిగాలి, షిఫ్టు అయ్యాక అదే వాలు ఎక్కాలి.

ఒక్క మాట ఒప్పుకోవాలి. అప్పటికి నేను కూడా కాకనే అనుమానించాను. పెద్దాయన, మతిమరుపు, కిటికీ మూయడం మరిచిపోయి ఉంటాడనుకున్నాను. పాపం అనుకున్నాను కూడా. ఎదుటివాడి తప్పు మీద జాలి పడటం చాలా తేలిక.

మళ్లీ కొత్త జీవులు తెప్పించే ముందు తొట్టి ఎట్లా కడగాలో షాపతన్ని అడగమని పెద్దసారు నాకు నెంబరు ఇచ్చారు. గని గేటు బయట నిలబడి నా సెల్లు నుంచి చేశాను. షాపతను నెల్లూరు మనిషి. చేపలు బతికి రొయ్యలు, పువ్వులు చచ్చాయని వినగానే అతను మందు గురించి అడగనే లేదు.

"నీళ్లలో ఇత్తడి, రాగి ఏమైనా పెట్టుండారా అన్నా? ఆ జీవాలకు రాగి చిటికెడైనా విషమే" అన్నాడు.

"లేదు" అన్నాను.

నేను ఆలోచించి చెప్పిన అబద్ధం కాదది. వాల్వు కారిందా అని ఎవరన్నా అడిగితే చూడకుండానే లేదని నోరు ఎట్లా అంటుందో, అట్లాగే అనేసింది. లేకపోతే ఇంకేదో మందు అయ్యుంటుందిలే అని అతను, నీళ్లు సగానికి పైగా మార్చమని, బొగ్గుపొడి సంచులు నీళ్లలో వేలాడదీయమని చెప్పాడు. ఇంకా ఏదో చెబుతున్నాడు గానీ నా చెవికి ఎక్కలేదు. నా కళ్ల ముందు నేను గాజులాగా నూరిన వాల్వు ఉంది.

ఆ సాయంత్రమే బంగ్లాకు పోయి, శుభ్రం చేస్తానని చెప్పి వాల్వు విప్పాను. లోపల మూత అంచున పచ్చటి మైల పట్టి ఉంది. గోటితో గీకితే వచ్చింది. గుడ్డలో చుట్టి సంచిలో వేసుకుని, కొత్త ప్లాస్టిక్ వాల్వు తెచ్చి బిగించాను. నీళ్లు మార్చాను. బొగ్గుపొడి సంచులు వేలాడదీశాను. చెడిపోయింది బాగుచేశాను, ఇక దాన్ని తవ్వడమెందుకు అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. కాక సంగతి తర్వాత పెద్దసారు మంచిగా ఉన్నప్పుడు మెల్లగా కదపొచ్చు అనుకున్నాను.

రెండో విడత వచ్చింది. రొయ్యలు, పువ్వులు అన్నీ బతికాయి. వారం దాటినా బతికే ఉన్నాయి. అమ్మగారు తొట్టి పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది.

"చూశారా, మందు కొట్టేవాళ్లు లేకపోతే అన్నీ బతుకుతాయి" అంది నాతో.

అప్పుడు నాకు అర్థమైంది. నేను చాటుగా బాగుచేసిన కొద్దీ కాక నేరం గట్టిపడుతోంది. ఆయన పోయాక తొట్టి బతికింది, ఇంకేం సాక్ష్యం కావాలి? ఆ సాక్ష్యం నా చేతుల్తో నేనే తయారు చేశాను.

చెబుదామని నోటి దాకా వచ్చింది. చెప్పలేదు. ఎందుకని మీరు అడుగుతారు. ఉద్యోగం పోతుందని కాదు, ఇట్లాంటి దానికి ఎవరి ఉద్యోగమూ పోదు. నీళ్ల పనిలో నన్ను మించినవాడు లేడన్న మాట పోతుందని. ఆ మాట తప్ప నాకు ఇంకో ఆస్తి లేదని అప్పుడు అనుకునేవాణ్ణి. పరువు కోసం ముసలాయన్ని గనిలోకి దింపినవాణ్ణి ఏమంటారో మీకు తోచిన మాట అనండి, నేను కాదనను.

ఇంట్లో కూర్చోలేకపోయాను. నల్లాలన్నీ ఒక్కొక్కటే తిప్పి చూసేవాణ్ణి. కారని నల్లాకు కొత్త వాషర్ వేశాను. గిన్నెలో అన్నం కలిపి మరిచిపోయేవాణ్ణి. మా ఇంటామె మిషన్ బడిలో టీచరు. పిల్లల మొహాలు చదివే మనిషికి నా మొహం ఒక లెక్క కాదు. అయినా వారం దాకా ఏమీ అడగలేదు. ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల రొట్టె, రసం ఇచ్చినప్పుడు నేను లేచి ముందుకు పోలేదు. మనసులో ఎవరికన్నా చేసిన అన్యాయం పెట్టుకుని దాన్ని ముట్టకూడదని మా నాయన చిన్నప్పుడు నేర్పాడు. తిరిగి వస్తుంటే బల్లకాడికి ఎందుకు రాలేదని అడిగింది. కడుపునొప్పి అన్నాను.

"కడుపునొప్పైతే దవాఖానకు పో. దేవుని కాడ దాచిపెట్టుడేంది" అని, ఇల్లు చేరే దాకా ఇంకో మాట మాట్లాడలేదు.

ఆ మరుసటి సోమవారం కాకను నా పంపు సెక్షన్‌లోనే వేశారు. అప్పటిదాకా ఆయన వేరే షిఫ్టులో ఉంటే ఎదురుపడకుండా తప్పించుకున్నాను. ఇప్పుడు లాంప్ రూం దగ్గర నా పక్కనే నిలబడి టోపీకి లైటు తగిలించుకున్నాడు. నన్ను చూసి సంతోషపడ్డాడు. ఇద్దరం కలిసి వాలు దిగడం మొదలుపెట్టాం.

దిగేటప్పుడే ఆయన ఊపిరి వినపడుతోంది. లోపల ఏదో చిరిగిన గుడ్డ ఊగినట్టు. సగం దూరంలో గోడకు తొలిచిన గూడు ఒకటి ఉంది, బొగ్గు మోసే టబ్బులు వచ్చినప్పుడు పక్కకు తప్పుకోవడానికి. అందులో కూర్చున్నాడు. నేను ఎదురుగా కూర్చున్నాను. ఊపిరి కాస్త కుదురుకున్నాక కొత్త రొయ్యలు ఎట్లా ఉన్నాయని అడిగాడు. బాగున్నాయని చెప్పాను.

"మంచిగాయె" అన్నాడు. తర్వాత తన రెండు చేతులూ లైటు వెలుగులోకి తెచ్చి చూసుకున్నాడు. "మొదట్ల నాకు మంచిగ యాదుండె బిడ్డా, కిటికి మూసిన్ననే. ఇప్పుడు యాదికొస్తలేదు. మూయలేదు గావచ్చు. ఇంటికాడ మిరప చెట్లకు పురుగు పట్టింది, మందు కొడదామంటె భయమైతాంది. ఈ చేతులతోటి ఇంకేం సంపుతనో అనిపిస్తాంది."

లేచి పంపు దగ్గరికి పోయాం. ఆ షిఫ్టంతా ఏం చేశానో నాకు గుర్తు లేదు.

ఆ రోజు మధ్యాహ్నం స్నానం కూడా చేయలేదు. ఇంటికి పోయి గుడ్డలో చుట్టిన వాల్వు తీసుకుని, బొగ్గు మసి మొహంతోనే బంగ్లాకు పోయాను. పెద్దసారు భోజనానికి వచ్చి ఉన్నారు. వాల్వు టేబుల్ మీద పెట్టాను. ఇది నేను బిగించింది, ఇది రాగి, రొయ్యలను చంపింది ఇదే, మందు కాదు అని చెప్పాను. అది నాకు ఏ రోజు తెలిసిందో కూడా చెప్పాను.

పెద్దసారు వాల్వు చేతిలోకి తీసుకుని మూతను వేలితో పైకీ కిందికీ ఆడించారు. అమ్మగారు వంటింటి గుమ్మంలో నిలబడి విన్నది.

"కిటికీ మూశానని చెప్పాడు కదండీ. ఆయన చెప్పాడు" అంది ఆమె, పెద్దసారుతో కాదు, తనలో తాను అన్నట్టు.

పెద్దసారు రేపటి నుంచి అతన్ని తోటకు రమ్మను అన్నారు. ఒక్క వాక్యం. ఒక్క వాక్యంతో అయ్యే పనికి ఇన్ని రోజులు తిరిగాను. నా మీద కోప్పడతారని ఎదురుచూశాను, కోప్పడలేదు. ఇక తొట్టి పనికి వేరేవాళ్లను చూసుకుంటామని మాత్రం అన్నారు. తలుపు దాకా వచ్చాక ఆ వాల్వు కూడా తీసుకుపొమ్మన్నారు.

మర్నాడు పొద్దున లాంప్ రూం దగ్గర కాకకు చెప్పాను. తప్పించుకునే దారి లేకుండా, ఆయన మొహం చూసి, నా వాల్వు గురించి మొత్తం చెప్పాను. కిటికీ మూసే ఉండె కాక అన్నాను. ఆయన బెంచీ మీద కూర్చుండిపోయాడు.

"మూసిన్న గదా" అన్నాడు మెల్లగా. కొంచెంసేపటికి మళ్లీ అన్నాడు, "మూసిన్న గదా."

తర్వాత తలెత్తి అడిగాడు.

"నీకు ఎన్నడెరుకైంది?"

"ఇరవై రెండు రోజులాయె కాక."

ఆయన తల ఊపాడు. కోపం లేదు, ఒక్క మాట తిట్టనూ లేదు. తిట్టి ఉంటే నాకు బాగుండేది. ఈ రోజు గనిలకు పోకున్నా మంచిదే, సక్కగ తోటకే పో అన్నాను. ఇయ్యాల హాజరు పడ్డది, ఇయ్యాల్టి డ్యూటీ చేసే పోత అన్నాడు. టోపీ పెట్టుకుని లేచి నాకన్నా ముందు నడిచాడు.

ఆ రోజు వాలులో మూడుసార్లు ఆగాడు. ఆగిన ప్రతిసారీ వెనక్కి తిరగకుండానే నన్ను దాటి పొమ్మని చెయ్యి ఊపాడు. నేను పోలేదు. ముందు రోజులాగా ఎదురుగా కూర్చునే మొహమూ లేదు. రెండడుగుల వెనుక నిలబడి, ఆయన ఊపిరి కుదురుకునే దాకా వింటూ ఉన్నాను.